వాటా

ప్రభువా, ఈ ఆదివారం నీ గుడికి రాలేదు.
మెట్ల మీద మంచు గడ్డకట్టి జారాను, మడమ బెణికింది.
ఈ ఇనుప డబ్బాకి ఉన్నవి రెండే మెట్లు.
నన్ను పడెయ్యడానికి ఆ రెండూ చాలాయి.

గ్యుమ్రీ చలి గురించి నీకు నేను చెప్పాలా?
రాత్రి వదిలిన ఊపిరి గోడరేకుకి తగిలి
తెల్లారేసరికి తెల్లగా మొలిచి ఉంటుంది.
భూకంపం వచ్చిన చలికాలంలో
ఒక్క ఏడాది సర్దుకోండి అన్నారు అధికారులు.
ముప్ఫై దాటాయి.
ఫిర్యాదు చెయ్యడం లేదులే.
అబద్ధం. ఫిర్యాదే.

ఆ రోజు నా సెరోబ్ బడికి పోనన్నాడు.
కడుపునొప్పి అన్నాడు. లెక్కల పరీక్షని నాకు తెలుసు.
చెవి పట్టుకుని పంపాను.
ఆ చెవి వెచ్చదనం
ఇప్పటికీ నా రెండు వేళ్ల మధ్యే ఉంది.

తర్వాత నాలుగేళ్లు నీతో మాటల్లేవు.
నీ గుమ్మటం కూడా ఊడి నేలమీద బోర్లా పడింది కదా,
తన ఇల్లే నిలుపుకోలేనివాడు నన్నేం చూస్తాడనుకున్నాను.
ఆకలి మాత్రం ఉండేది.
బంగాళాదుంపలు తిన్నా, వేడి సూపు తాగినా
తీరని చోటొకటి,
పొట్టకి కాస్త పైన.

ఒకనాడు పక్క డబ్బా ముసలామె నూనె అప్పుకొచ్చి
పోతూ పోతూ బల్లమీద ఒక ముక్క పెట్టింది.
ఆరాధనయ్యాక, రాలేని వాళ్లకని ఇంటికి పంపే రొట్టె.
మాస్ అంటాం. మా భాషలో వాటా అని.
పులుపు లేదు, ఉప్పు లేదు, గోరంత మందం లేదు.
నమిలాను.
ఆకాశం తెరుచుకోలేదు, ఎవరూ పేరుపెట్టి పిలవలేదు.
ఆ రాత్రి నిద్ర పట్టింది, అంతే.
పై ఆదివారం బూట్లు తొడుక్కున్నాను.

ఎదురు డబ్బాలోకి వఘర్షాక్ మాస్టారు వచ్చాక
ఆయనకీ ఒక వాటా తేవడం మొదలెట్టాను.
సెరోబ్‌కి లెక్కలు చెప్పింది ఆయనే.
పిల్లలకి లెక్క ఇచ్చి, సిగరెట్టు కోసం పెరట్లోకి వచ్చాడు.
వెనక బడి కూలింది.
ఆయన చెప్పలేదు, నేనడగలేదు,
ఊరందరికీ తెలుసు.

"దేవుడు రుజువు కాని సిద్ధాంతం, అర్పెనిక్" అంటాడు.
"రుజువు తర్వాత చూద్దాం, ముందు తినండి" అంటాను.
నా కళ్లముందే చిదిమి పిచ్చుకలకి వేస్తాడు.
పోనీ, పిచ్చుకలూ నీవేగా.
పదిహేడు చలికాలాలుగా ఇదే వరస.
మా సందు పిచ్చుకలంత భక్తిపరులు
ఆర్మేనియా మొత్తంలో ఉండరు.

ఈ మధ్యాహ్నం రేకు తలుపు మోగింది.
మాస్టారు. టోపీ నిండా మంచు,
ముక్కు ఎర్రగా, ముఖం చిరాగ్గా.
"మీ ఫాదర్ మరీ సాగదీసి పాడతాడు.
కొవ్వొత్తుల పొగకి దగ్గొచ్చింది.
నిలబడి నిలబడి మోకాళ్లు పట్టేశాయి."
కోటు లోపలి జేబులోంచి గళ్ల రుమాలు తీశాడు.
స్కేలుతో కొలిచినట్టు నాలుగు మడతలు.
విప్పితే, దారిలో విరిగినట్టుంది,
మూడు ముక్కలు, కొంత పొడి.

"మీరూ తీసుకోండి" అన్నాను.
"నాకొద్దు" అన్నాడు.
కుర్చీ లాక్కుని మాత్రం కూర్చున్నాడు.
నేనొకటి నోట్లో వేసుకున్నాను. మళ్లీ అడగలేదు.
టీ మరిగింది, చల్లారింది కూడా.
అప్పుడు కిటికీ వైపు తిరిగి అన్నాడు:
"వాడికి భిన్నాలు బాగా వచ్చు.
ఆ పరీక్షకి భయపడాల్సిన పనే లేదు."

ఇన్నేళ్లలో మొదటిసారి
నా కొడుకు గురించి నాకు తెలియని మాట ఒకటి.

ఏం చెయ్యాలో తెలియక కెటిల్ మళ్లీ పొయ్యిమీద పెట్టాను.
వెనక్కి తిరిగేసరికి
మాస్టారు తడివేలితో రుమాలు మీది పొడి అద్దుకుని
నోట్లో వేసుకుంటున్నాడు,
చూసుకోకుండా, బల్లమీది చక్కెర పలుకులు ఏరుకున్నట్టు.
రెండో ముక్క ఎప్పుడు తిన్నాడో నేను చూళ్లేదు.

మూడోది అక్కడే ఉంది.
ఎవరిదని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

బయట పిచ్చుకలు గోల చేస్తున్నాయి, ప్రభువా.
ఈ వారం వాటికి బాకీ పడ్డాం.