జీరో టికెట్

మిర్యాలగూడ కోర్టుల
జడ్జి సారు అద్దాలు తుడుసుకుంట అన్నడు:
ఆరు నెలలు ఆలోచించుకోండ్రి.
అప్పటికి నాకు తెల్వదు
నా ఒళ్లు కూడ లెక్క మొదలువెట్టిందని.

కాయితంల వకీలు ఒక్కటే మాట రాసిండు: పొసగక.
పొసగక అంటే
మిల్లు నుంచి పదింటికి వచ్చి
ఫోను వెలుగుల అన్నం తినుడు.
నేను నోరు తెరిస్తే టీవీ సౌండు పెంచుడు.
ఒక్కసారి, ఒక్కసారే,
ఎత్తిన చెయ్యి గాలిల ఆగుడు.
ఆగిన చెయ్యి కింద
ఏడాది పొడుగూత నేను తల వంచుకొని తిరుగుడు.
ఇదంతా ఆ మాటల పట్టదు.
సంతకం మాత్రం పట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుల కక్కిన.
డీజిలు వాసన అనుకున్న.
హాలియాల ఆశ వర్కరు ద్వాళి
రెండు గీతలు చూసి, నా మొకం చూసి,
"సంబురపడాల్నా వద్దా, నువ్వే చెప్పక్కా" అన్నది.
అంత మర్యాదగ మళ్ల ఎవ్వరూ అడగలే.

అమ్మ కేసు వాపసు తీస్కొమ్మన్నది.
చిన్నమ్మ కడుపు తీయించుకొమ్మన్నది.
ఇద్దరూ ఒకటే గిన్నెల నుంచి
నాకు పచ్చిపులుసు పోసిండ్రు.
పులుసు ఒక్కటే తాగిన.

దవఖాన కార్డు మీద
భర్త పేరు అని ఒక గడి.
సిస్టరు పెన్ను ఆపి నా దిక్కు చూసింది.
రాయండి, అన్న. కాయితం మీద ఇంకా ఉన్నడు.
సైదులు అని రాసింది.
నెల నెలా బరువు మారింది, రక్తం మారింది,
ఆ గడి మారలే.

స్కానింగుల గుండె చప్పుడు ఇనవెట్టిండ్రు.
దూరంగ బియ్యం మిల్లు ఆడుతున్నట్టున్నది.
ఆ పోలిక నాకు నచ్చలే.
కని గట్లనే ఉన్నది.

డెలివరీ తారీకు ఇరవై ఏడు.
వాయిదా తారీకు పద్దెనిమిది.
క్యాలెండరుల రెంటికీ
ఒకటే ఎర్ర పెన్నుతోని సున్న చుట్టిన.
వకీలు ఫోన్ల అన్నడు:
"గిట్లున్నప్పుడు అడుగుతరమ్మా, మనసు మారిందా అని."
మనసు సంగతి తెల్వదు సార్,
కాళ్లకు నీరొచ్చి చెప్పులు మారినయి.
మెట్టెలు తీద్దామంటే రాలే.
సబ్బు పెట్టినా రాలే.

పద్దెనిమిది నాడు
వరండల బెంచి మీద జరిగి జాగ ఇచ్చిండు సైదులు.
కడుపు దిక్కు చూడనట్టే చూసిండు.
"ఫ్లోరైడు నీళ్లు తాగుతలేవు గద?"
మూడేండ్లల అతను నన్ను అడిగిన
మొదటి మంచి ప్రశ్న.
లేదు, ఫిల్టరువే, అన్న.
అటెన్క ఇద్దరం గోడకు పెచ్చులూడిన సున్నం చూసుకుంట కూసున్నం.

బంట్రోతు పిలిచిండు,
నా పేరు మూడుసార్లు, అతని పేరు మూడుసార్లు.
లోపల ఉన్నది ఒక్కసారి తన్నింది,
దాన్నెవరూ పిలువకున్నా.

అడగనే అడిగిండు జడ్జి సారు.
మారలే సారు, అన్న.
గొంతు వణకలే. నడుము నొచ్చింది, అంతే.

హాలియా బస్సు ఆ టైముకు ఒక్కటే.
ముందు సీట్ల నేను, ఎనుక సీట్ల అతను.
కండక్టరమ్మ ఆధార్ చూసి
నాకు జీరో టికెట్ కొట్టింది.
ఎనుకకు తిరిగి "మీరిద్దరు ఒకటేనా?" అన్నది.
అతను చిల్లర లెక్కవెడుతనే ఉన్నడు.
"కాదు," అన్న నేను. "ముగ్గురం."
ఎందుకన్ననో తెల్వదు.

నిడమనూరు స్టేజి కాడ దిగి
కిటికీల నుంచి బత్తాయిల సంచి అందిచ్చిండు.
ఐదున్నయి.
పులుపు తప్ప ఏదీ పోని నోరు నాది ఇప్పుడు,
ఆ సంగతి అతనికి ఎట్ల తెలుస్తది.
బస్సు కదిలినంక గోరుతోని ఒకటి ఒలిచిన.
చిన్నప్పుడు అమ్మ బెదిరిచ్చేది,
గింజ మింగితే కడుపుల చెట్టు మొలుస్తదని.
గింజలన్నీ కిటికీ బయట ఊసిన.
ఒక్కటి, కాలువ దాటుతున్నప్పుడు,
కావాలనే మింగిన.