చుక్క గుర్తు

అక్టోబరు ఒకటిన లెక్క పంపాలి.
కాల్డర్ రేవులో, చేపల డబ్బాల ఫ్యాక్టరీ వెనక,
మూతపడ్డ బౌలింగ్ హాలులో పెట్టిన బడి మాది.
వేరే బళ్ళు వద్దన్న పిల్లలకి.
నేల మీద ఇంకా ఆ పాలిష్ చెక్కలే.
పెన్సిలు జారితే
గోడ దాకా దొర్లుకుంటూ పోయేది.

ఆఖరి ఏడు తెరిచినప్పుడు ఇరవై నలుగురు.
మూడో వారంలో కీనన్‌ని అలాస్కాలో మేనత్త దగ్గరికి పంపేశారు.
శాతాలన్నీ కదిలాయి.
తెల్లవాళ్ళు తగ్గారు, మగపిల్లలు తగ్గారు,
సమోవా వాళ్ళు పెరిగారు,
కొత్తగా ఒక్కరూ చేరకుండానే.

జాతి ఏమని రాయమంటావంటే
"మా నాన్న వైపా, నన్ను పెంచిన వైపా?" అంది తవీటా.
ఒరెన్ ముగ్గురు తాతల ఊళ్ళు చెప్పాడు,
నాలుగో ఆయన సంగతి వాళ్ళమ్మకే తెలీదట.
'రెండు లేక అంతకు మించి' అన్న గడిలో వేశాను.
మా బళ్ళో అన్నిటికంటే ఇరుకు గడి అదే.

ఉచిత భోజనం గడి సులువు.
అందరూ.

ఇనెస్‌కి ఏడో నెల. ఒకటనే రాశాను.
రాత్రంతా ఆల్చిప్పలు ఒలిచి
కత్తిగాట్ల చేతులమీద తల పెట్టుకు పడుకునే డెస్మండ్‌ని
హాజరు అనే రాశాను.
నిద్రకు గడి లేదు.

రాజధాని నుంచి నియమం వచ్చింది:
పదిమందికి తక్కువైతే అంకె చూపొద్దు,
ఎవరు ఎవరో జనం పోల్చేస్తారు,
చుక్క గుర్తు పెట్టండి.
పెట్టాను. ఆడపిల్లలు తొమ్మిదిమంది, చుక్క.
ఒక్కొక్క జాతికీ చుక్క.
పోయినేడు పాసైనవాళ్ళకీ చుక్కే.

పట్టిక అచ్చయి వచ్చాక
బోర్డు సభ్యుడొకాయన కళ్ళద్దాలు సర్దుకుని
"ఇక్కడ ఎవరూ లేరుగా" అన్నాడు.
తలసరి ఖర్చు మాత్రం
అంకెల్లోనే ఉంది, సెంట్లతో సహా.
ఏప్రిల్లో చేతులెత్తారు.
జూన్‌లో నేనే తాళం వేశాను,
తలుపు కొంచెం ఎత్తి నెడితే గానీ పడదది.

ఆగస్టులో ఫోను. లెక్కలు ముగిస్తున్నారట.
నమోదు ఇరవై మూడు,
పాల డబ్బాలు రోజుకి ఇరవై నాలుగు.
వెళ్ళిపోయినవాడి పేరు తియ్యడం మరిచారా, వెర్నా?

లేదు.
ఒరెన్‌కి నాలుగేళ్ళ తమ్ముడున్నాడు.
ఇంట్లో చూసేవాళ్ళు లేక అన్న వెంట వచ్చేవాడు,
బంతులు పెట్టే అర మీద కూర్చుని
స్ట్రా నమిలి నమిలి పాలు తాగేవాడు.
ఏ గడిలోనూ లేడు. వాడికి చుక్క కూడా లేదు.

"ఏదో కాకి లెక్క, దిద్దుకోండి" అన్నాను.
అవతల కీబోర్డు చప్పుడు.

గోడ దాకా పోయిన పెన్సిళ్ళు ఏరుకొచ్చి
ఎవరిది వాళ్ళకిచ్చేది వాడే.
ఒక్కసారీ పొరపడలేదు.