ఐదున్నర మైక్రాన్లు

తిలక్ రోడ్డులో, మందులషాపు పైన
ఎనిమిదడుగుల గదిలో నా బల్ల.
దాని మీద ఈ పొద్దు రెండు కెమెరాలు,
లెన్సులు ఊడదీస్తే నోళ్లు తెరుచుకొని.

ఒకటి హేమాద్రిది. పెళ్లిళ్లు తీస్తాడు.
ఫుల్ ఫ్రేమ్, నలభై ఐదు మెగాపిక్సెళ్లు,
ఇంకా నాలుగు కంతులు కట్టాల.
రెండోది మునస్వామన్నది. అలిపిరి కాడ
కొండ దిగే గుండ్లను నిలబెట్టి తీసి
పావుగంటలో కవర్లో పెట్టిచ్చే మనిషి.
క్రాప్ సెన్సర్, పన్నెండు. పట్టు దగ్గర రబ్బరు పోతే
సైకిల్ ట్యూబు ముక్క అతికించినాడు.

"మార్చేద్దామనుకుంటా ఉండానక్కా.
ఆ పిల్లోడి దానికీ నా దానికీ
తేడా ఎంతో రవంత చూసి చెప్పు."

కాగితం తీసి నడుమ గీత గీసినాను.
ఆ పక్క ఎనిమిది వందల అరవై నాలుగు
చదరపు మిల్లీమీటర్లు.
ఈ పక్క మూడు వందల డెబ్బై, అదీ కష్టంగా.
తపాలా బిళ్ల పక్కన బొటనవేలి గోరు.

లెక్క అక్కడే ఆగితే అది అంగడి లెక్క.
వానకు డాబా మీద పెట్టిన గిన్నెలనుకో పిక్సెళ్లను.
హేమాద్రి డాబా పెద్దదే,
దాని మీద నాలుగున్నర కోట్ల టీ గ్లాసులు.
నీది ఇరుకు డాబా,
కోటీ ఇరవై లక్షల చెంబులు.
ఒక్కో చెంబు నోరు ఐదున్నర మైక్రాన్లు,
గ్లాసు నోరు నాలుగూ చిల్లర.

ఈ మాటకు మునస్వామన్న మొహం
ఒక స్టాప్ వెలిగింది.

ఆర్పక తప్పలేదు.
కొత్త గ్లాసులు ఒలకవన్నా,
నీ చెంబుల అడుగున ఎప్పుడూ సన్నటి రొద.
ఐఎస్ఓ ఆరువేల నాలుగొందల్లో
నీ ఫోటో మీద రాగిపిండి చల్లినట్టుంటుంది.
నల్లటి మొగం, తెల్లటి పంచె, మిట్టమధ్యాన్నం ఎండ
మూడూ ఒక్క ఫ్రేములో నిలవాలంటే
అతని దానికి ఇంకో రెండు మెట్లెక్కే ఊపిరుంది.
నీ దానికి లేదు.

తర్వాత ఎఫ్ ఇరవై రెండులో పెట్టి
రెండింటితోనూ తెల్లగోడను తీసినాను.
ధూళి దొరికేది అట్లానే.
హేమాద్రి గోడ మీద నాలుగు మచ్చలు,
మునస్వామన్న గోడ మీద చీమలబారు.
తుడిస్తే స్వాబుకు లేత పసుపు అంటింది.
వాసన చూసినాను. గంధం అనిపించింది.
అనిపించడమే.
అంత ధూళికి వాసనెక్కడిది?

కింద, ఎడమ మూలన, ఒక ఎర్రచుక్క మాత్రం
ఎంత తుడిచినా కదల్లేదు.
చెడిపోయిన పిక్సెల్.
షట్టర్ కౌంట్ చూస్తే నాలుగు లక్షల పదకొండు వేలు.
హోసూరులో, బళ్లారిలో, మదనపల్లెలో
ఎన్ని గోడల మీద, ఏ గుండుబిడ్డ మోకాలి పక్కనో
ఉండాలీ చుక్క.
"తీసేయనా?" అంటే
"ఏదీ? యాడ?" అని కళ్లజోడు నుదుటికి తోసి
స్క్రీనుకు ముక్కు ఆనించినాడు.

రాత్రి ఇంట్లో పాత ఆల్బం దించినాను.
మూడేళ్లప్పుడు మా చిన్నదాని గుండు ఫోటో,
ఆయన స్టాలు ముద్ర వెనకే ఉంది.
ఎడమ మూలన భూతద్దం పెట్టి వెతికినాను.
చుక్క లేదు.
నాలుగు ఇంటూ ఆరు కాగితానికి
రెండు మెగాపిక్సెళ్లు చాలు,
తక్కిన కోటి చెంబులు పారబోసినట్టే.
ఆ పారబోతలో పోయిందో,
అప్పటికింకా పుట్టనే లేదో.
పాప మాత్రం ఏడుపు ఆపబోతూ ఉంది,
కింది పెదవి ఫోకస్‌లో లేదు.

పొద్దున్నే వచ్చినాడు.
"పోయిందా చుక్క?"
"పోయిందన్నా. ఇప్పుడా చోట ఏముండాలో
పక్క పిక్సెళ్లను అడిగి నింపుకుంటుంది."
"అంటే అక్కడుండేది పక్కింటోళ్ల మాటా?"
"అంతే."
కాసేపు నవ్వినాడు. మూడొందల యాభై ఇచ్చినాడు.
"దీన్ని అమ్మితే ఎంతొస్తుంది?"
"మూడు వేలు. నా మొగం చూసి ఇస్తే మూడున్నర."

మరేం మాట్లాడలేదు.
సైకిల్ ట్యూబు ముక్క మీద బొటనవేలు
దాని చోటు అదే వెతుక్కునింది.
నేను లెక్కలు గీసిన కాగితంలో
స్పేర్ బ్యాటరీ చుట్టి జేబులో వేసుకొని
మెట్లు దిగినాడు.