అంచు

బ్రెమెన్‌లో, మూడో అంతస్తులో
ప్రతి ఆదివారం పొద్దున వీప్కె
గాజుపెట్టె అంచుకి పారఫిన్ నూనె రాస్తుంది,
చెవిలో తిప్పుకునే దూదిపుల్లతో, ఊపిరి బిగబట్టి.
మందమైతే కారుతుంది, కింద ఎవరో ఒకరు మునుగుతారు.
పల్చనైతే
సోమవారం పంచదార డబ్బాలో కనిపిస్తారు.

టాల్కం పౌడరు స్పిరిట్‌లో కలిపి పూసింది ఓసారి.
నాలుగు రోజులు నిలిచింది.
ఐదో రోజు వాన, గోడంతా చెమ్మ.
తెల్లటి పూత మీద సన్నగా ఒక నడక,
అప్పుడే వేసిన కుట్టులా.

చీమలు దూరని చిట్టడవి కథల్లో ఉంది.
చీమ దూరని మూత మాత్రం
ఈ ఊళ్లో ఏ కొట్టువాడూ అమ్మడు.

నిన్న రాత్రి నీళ్లకని లేచింది.
పెట్టెకి బయటివైపు, గాజు మీద, ఒక్కతే.
అంచుదాకా ఎక్కుతుంది, నూనె తగలగానే వెనక్కి.
మళ్లీ ఎక్కుతుంది.
రాణి లోపల. గింజల గది లోపల.
తన వాసన గల వాళ్లంతా లోపలే.

రేవు గేటు దగ్గర
పాసు మర్చిపోయిన వాళ్లని రోజూ ఆపేది వీప్కెనే.
కాసేపు అలాగే నిలబడింది, చెప్పుల్లేకుండా.
తర్వాత కరెంటు బిల్లు మడిచి
నూనె మీదుగా వంతెన వేసింది.

ఒకతె లోపలికి వెళ్లింది.
ముగ్గురు బయటికొచ్చారు.