పది రోజుల గడువు

నచ్చకపోతే పది రోజుల్లో తెచ్చి ఇచ్చేయమంది కొట్టు పిల్ల.
రసీదు వెనకే మార్కులు వేస్తున్నాను.

డబ్బీ అరిగిన సబ్బుబిళ్లంత. జేబులో ఉన్నట్టే ఉండదు.
మూత పడేటప్పుడు చిటుక్కుమంటుంది,
ఆ చప్పుడు కోసం పనిలేకపోయినా పదిసార్లు తెరిచాను.
దానికి రెండు మార్కులు ఎక్కువే వేశాను, కాస్త సిగ్గుపడుతూ.

కుడిది చెవితో పాటే పుట్టినట్టు కూర్చుంది.
ఎడమది కూర్చోలేదు.
నా రెండు చెవులూ ఒకటి కావని
నలభై ఒకటో ఏట తెలిసింది నాకు.
కుడికి నడిమి తొడుగు, ఎడమకి చిన్నది.
ఒకే తల్లి కన్న చెవులు!

కీలుంగ్‌లో వాన గురించి చెప్పక్కర్లేదు,
ఇక్కడ గొడుగు ఆరితే పండగ.
చెమటకీ చినుక్కీ చెడవని పెట్టె మీద రాశారు.
ఐసునీళ్ల సంగతి రాయలేదు.
నేను మోసేది ఐసు, రాత్రి ఒంటిగంట నించి తెల్లారేదాకా,
చేపల బజారులో.
తడి గ్లవుతో తాకితే పాట ఆగదు.
గట్టిగా తాకితే మా ఆడపడుచుకి ఫోను వెళ్తుంది,
రాత్రి రెండున్నరకి, రెండుసార్లు.
మూడోసారి తనే చేసి "బతికే ఉన్నావా?" అంది.
నా గొంతెలా వినపడుతోందని అడిగాను.
"బిందెలోంచి" అని పెట్టేసింది.

ఆరు గంటలు వస్తుందన్న ఛార్జి
ఐదుంబావుకే అయిపోయింది, ముందు కుడిదానికి.
ఎక్కువ చాకిరీ దానిదే కాబోలు.

నాలుగో రాత్రి, చప్పుళ్లు మింగే మీట.
జనరేటరు పోయింది. వాన పోయింది.
వేలంపాటలోంచి పాట పోయింది.
చుంగ్-యెన్ బల్లెక్కి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు,
గంపలో చేపలాగా.
నా ఊపిరి వినపడింది. కిందెక్కడో
మోకాలు కిర్రుమంటోంది. ఎప్పట్నించి అంటోందో.
బాగుందనుకునేలోగా
తోపుడుబండి మడమ మీదికొచ్చింది.
తొమ్మిది వేసి, కొట్టేసి, నాలుగు వేశాను.
ఇంటికెళ్లాక, ఎందుకో, ఆరు చేశాను.

ఏడో రాత్రి కున్-హాయ్ తాత
చెవిలో ఏం మొలిచిందని సైగ చేశాడు.
పిడుగు పడ్డా తల తిప్పడు తాత, బేరం వేళ్లతోనే.
తుడిచి, రెండూ ఆయనకి పెట్టి,
బయటి చప్పుడు లోపలికి వదిలే మీట
ఆఖరిదాకా పెంచాను.

ముందు పైకి చూశాడు. రేకుల మీద వాన.
తర్వాత కిందికి. నీళ్లలో తన బూట్లు.
నేను ఐసు గుమ్మరిస్తే ఉలిక్కిపడి,
"రోజూ ఇంత గోల చేస్తావా?" అని తిట్టాడు.
అప్పుడు వేలం వైపు తిరిగాడు.

చుంగ్-యెన్ ధరకీ ధరకీ మధ్య
"చెవిటి హాయ్‌కి రెండు గంపలు, అడుగువి తొయ్యండి" అన్నాడు.
రోజూ అంటాడు. పదిహేనేళ్లుగా అందరం నవ్వుతాం.
నేనూ.
ఆ రాత్రీ నోరు సగం తెరుచుకుంది నాకు.

తాత రెండూ తీశాడు.
చొక్కా అంచుకి తుడిచాడు, ఒక్కోటీ, ఓపిగ్గా.
ఎడమది కుడి గుంటలో, కుడిది ఎడమ గుంటలో పెట్టి
డబ్బీ నా చేతికిచ్చాడు.
"బాగా పనిచేస్తున్నాయి" అన్నాడు.
నేరుగా బల్ల దగ్గరికెళ్లి తన గంప బోర్లించాడు.
పైన ఇవాళ్టి కానాగంతలు, కింద మొన్నటివి.
ఇంకో గంపకేసి వేలు చూపించాడు.
చుంగ్-యెన్‌కి మాట తడబడింది.
నాకు ఐసు గుర్తొచ్చింది, గబగబా వెళ్లిపోయాను.

ఇవాళ తొమ్మిదో రోజు.
రసీదు తడిసి అంకెలు అలుక్కుపోయాయి,
ఆ మీటకి ఎంత వేశానో చదవలేకపోతున్నాను.
ఆ రాత్రి నించి మూత సగమే పడుతోంది.
తెరిచి, ఎడమది ఎడమకి, కుడిది కుడికి మార్చాను.

చిటుక్కు.