గుండీ కూడా రాశాను

ఆదివారం పన్నెండున్నరకి
గ్రిమ్స్‌బీ రేవులో, నావికుల చర్చి వెనకగదిలో
నేను చిల్లర లెక్కపెడతాను.
ముప్పైయేళ్లు చేపల వేలంలో గుమాస్తాని.
ఇష్టంగా ఇచ్చిన నోటుకీ
పక్కవాడు చూస్తున్నాడని వేసిన నోటుకీ
మడతలో తేడా ఉంటుంది, వేళ్లకు తెలుస్తుంది.

ఈ వారం కానుకలు:
మూడువందల పన్నెండు పౌండ్లు,
ఒక డెన్మార్క్ నాణెం,
ఒక కోటు గుండీ.
గుండీ కూడా రాశాను.
ఎవరో ఏదో ఒకటి ఇవ్వాలనే కదా
జేబులో చెయ్యి పెట్టారు.

ఎదుటి పేజీ చదవడమే కష్టం.
గంటగోపురం మరమ్మతు నలభై ఒక్క వేలు.
వాకిటికి ఇనపగేటు, తాళం, కెమెరాతో కలిపి
రెండువేల ఆరువందలు.
రంగుల కరపత్రాలు, ఒక బ్యానరు, ఎనిమిది వందలు.
సూపు, నూట తొంభై.
ఉల్లిపాయలు మార్జరీ హెబ్బుల్‌వైట్ తన డబ్బుతో కొంటుంది.
రసీదు అడిగితే
"ఉల్లిపాయకు కూడానా సిరిల్?" అని
కత్తి ఆపకుండా నవ్వుతుంది.
ఆవిడ దానం నా పుస్తకంలో ఎక్కడా లేదు.

బ్యానరు మీద ఉన్నది ఎర్నీ టాస్కర్.
ఐస్‌లాండ్ నీళ్లలో వల లాగుతూ
రెండు వేళ్లు అక్కడే వదిలేసి వచ్చినవాడు.
బొమ్మలో రెండు చేతులా గిన్నె పట్టుకుని ఉంటాడు,
ఆవిరి గడ్డంలోకి పాకుతుంటుంది.
ఆవిరి సరిగ్గా పడలేదని
ఫొటోగ్రాఫరు సూపు మూడుసార్లు వేడిచేయించాడు.
గిన్నె నిండుగా కనబడాలి గనక
అంతసేపూ తాగనివ్వలేదు.
కింద బారెడు అక్షరాలు:
ఇక్కడ పరాయివాళ్లు ఎవరూ లేరు.

బొమ్మ బాగా పనిచేసింది.
గోపురానికి పదకొండు వేలు రాలాయి.
నేనే లెక్కపెట్టాను.

గేటు సంగతి నవంబరులో కమిటీకి వచ్చింది.
బీమా అన్నారు. సిగరెట్ పీకలన్నారు.
పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు
వాకిట్లో ముక్కు మూసుకుంటున్నారన్నారు.
వాకిట్లో పడుకునే మనిషి పేరు మాత్రం
ఒక్కరి నోటా రాలేదు.
పాస్టర్ థర్‌స్టన్ కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు.
చేతులెత్తమన్నప్పుడు
లేచినవాటిలో నాదొకటి.

మేం చెడ్డవాళ్లమని రాయలేను.
నాకు ఆరేళ్లప్పుడు, పడవ తిరిగిరాని చలికాలం,
ఈ చర్చివాళ్లే పధ్నాలుగు గుమ్మాలకు
వీపుల మీద బొగ్గు మోశారు.
అందులో ఒక గుమ్మం మాది.
మసి చేతులతో వచ్చి, బస్తా దింపి,
అమ్మ కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయేవారు.
కెమెరా ఊసు ఎవరికీ లేదు.
ఆ వెచ్చదనం ఒంట్లో ఇంకా ఉంది కాబట్టే
ఇక్కడికొస్తాను.
సిగ్గు కూడా అందువల్లే.

నిన్న రాత్రి మంచు పడింది.
గాలికి బ్యానరు ఊడిపోయింది.
గేటు బయట, రోడ్డు అంచున,
ఎర్నీ తన బొమ్మనే కప్పుకుని పడుకున్నాడు.
మందపాటి ప్లాస్టిక్, తడి చొరదు.
ఏడాది మొత్తంలో మేం అతనికిచ్చిన
పనికొచ్చే వస్తువు అదేనేమో.

తాళంచెవి నా జేబులో ఉంది.
వెంటనే తీశానని రాయాలనుంది.
ముందు కెమెరా వైపు చూశాను.
తర్వాత తీశాను.
కొత్త గేటు, కిర్రుమనలేదు.
భుజం తడితే లేచాడు,
టార్చి వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని
"మళ్లీ ఫొటోనా?" అన్నాడు.

తెల్లారేదాకా వెనకగదిలో హీటరు వెలిగింది.
ఆ కరెంటు ఏ పద్దులో వేయాలో తోచక
గుండీ కింద
ఒక గీత ఖాళీగా వదిలాను.