ఇది నా పసుపు కాదు

ఆదివారం, బేస్తారం.
పొద్దు పొడవకముందే పరకాల బస్సు దిగి
పరిగడుపున వస్తరు.
కండ్లు తంగేడు పూలయినోళ్లు,
తల్లి చంకల మూలిగే పోరగాండ్లు,
అన్నం వాసనకే ఎగటయి ముద్ద పక్కకు జరిపేటోళ్లు,
మా అరుగు మీద వరుసగ కూసుంటరు.
నేల ఉసిరి నూరుత, మేకపాలల్ల కలుపుత.
మూడు వారాలు ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు.
మా అత్త నేర్పిన చెయ్యి.
ఆమె చెప్పలేదు గానీ,
సగం మంది ఈ పసరు తాగకున్నా తేరుకునేటోళ్లేనని
ముప్పై ఏండ్లకు నాకే ఎరుకైంది.

మొన్న ఓదెలు వచ్చిండు.
ఎనుమాముల మార్కెట్ల పత్తి బస్తాలు మోసిన మనిషి.
అంగి చిలక్కొయ్యకు తగిలించినట్టున్నది.
నొప్పా? లేదు.
జరమా? రాలేదు.
గోకుడు మాత్రం రాత్రంతా,
పెండ్లాం దువ్వెనతోటి వీపు గీకాల్నట.
దొడ్డికి ఏ రంగుల పోతున్నవంటే
మొఖం గోడదిక్కు తిప్పి
"సున్నం లెక్క" అన్నడు.
పండవెట్టి కడుపు నొక్కిన.
కుడిదిక్కు పక్కబొక్కల కింద
నున్నగ, గుండ్రంగ, చిన్న వంకాయంత.
నొక్కితే "అబ్బా" అనలేదు.
అంటే బాగుండు.

ఆరేండ్ల కింద భూమక్క గిట్లనే వచ్చింది.
తొమ్మిది వారాలు పోసిన.
ప్రతి ఆదివారం కొంగుముడి విప్పి
యాభై నోటు సాపు చేసి పెట్టేది.
పదో వారం ఆమె బిడ్డ వచ్చి
మందు పట్కపోయిన స్టీలు గిలాస
కడిగి, తుడిచి, అరుగు మీద పెట్టి పోయింది.
ఒక్క మాట అనలేదు.
తెల్ల దొడ్డి సంగతి భూమక్క చెప్పలేదు.
నేను అడగలేదు.
ఆ గిలాసల ఇంకెవలకూ పొయ్యలేదు.
అప్పటిసంది ఆకు కంటే ముందు
ప్రశ్నలు నూరుత.

రోకలి పక్కకు పెట్టిన.
"ఓదెలూ, ఇది నా పసుపు కాదు.
ఎంజీఎంకు పో. స్కానింగు తియ్యమను.
రేపు మాపు అనకు."
"నువ్వు సుత పొమ్మంటే ఇంకెవలున్నరే?"
వాని పెండ్లాం అందరు వినంగనే అన్నది,
"నీ చేతివాసి ఏడవోయింది అక్కా?"
వరుసల నుంచి ఇద్దరు లేచి
చెప్పులు తొడుక్కున్నరు.

నాకు రాయరాదు.
పక్కింటి ఎనిమిదో తరగతి పోరనితోటి
క్యాలెండరు చింపి వెనుక రాయించిన:
నొప్పి లేదు. రెండు నెలలు. మనిషి సగమైండు.
తెల్ల దొడ్డి. గోకుడు. కుడిదిక్కు గడ్డ.
"నీ పేరు రాయాల్నా?" అన్నడు.
వద్దన్న.
బస్సు కనబడ్డంక మళ్ల పిలిచి రాయించిన:
పంపింది, పసరు కనకలచ్చిమి.
తిడితే నన్నే తిట్టనీ.

తిట్టిండ్రట. పసరు పోసిందెవరని మొదలు పెట్టి,
పొయ్యలేదని ఈమె చెప్పినా ఆగకుండ.
ఒక చిన్న డాక్టరు బిడ్డ మాత్రం
కాయితం రెండుసార్లు చదివి
కేసు షీటుకు గుండుసూదితోటి కుచ్చిందట.
లోపటి దారికి అడ్డం పడ్డదట, గొట్టం ఏసిండ్రట.
ఆ అడ్డం పేరు పెండ్లాం పలుకలేదు.
ఈసారి నేను అడగకపోవుడు వేరు.
"గోకుడు?" అన్న.
"తగ్గింది. పండుకుంటున్నడు.
పత్తెం ఏందో వాళ్లు చెప్తలేరు, నువ్వన్న చెప్పు."
నోటిదాక వచ్చిన ఉప్పు, నూనె, కారం
మింగిన.
"గా డాక్టరు బిడ్డనే అడుగు" అన్న.

ఇయ్యాల ఆదివారం. వరుస పొట్టిగున్నది.
ముందల ఒక తల్లి, ఒళ్లె ఏడేండ్ల పోరడు.
నాలుగు రోజుల పసుపు,
నేను వెయ్యి సార్లు చూసిన పసుపు.
ఆకు రోట్లె ఏసిన.
ఎందుకో మళ్ల వాని దిక్కు చూసిన.
"పొద్దుందాక గిట్లనే పంటున్నడా?
రాత్రి ఏం చేస్తున్నడు?
ఇటు చూడు బిడ్డా,
మీ అమ్మ పేరేంది?"